తెప్ప ఎక్కని నావికురాలు

మొన్న మా బాల్కనీలో బట్టల తాడు తెగింది. ఆ పూట ఆరేసిన వాటిలో నా తెల్ల లుంగీ ఒకటి గాలికి దిగి, కిందింటి వాళ్ళ గుమ్మం మీద వాలింది. ఆ ఇంటావిడ ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని కొంగు సర్దుకుని తలుపు తీసిందట. ఈ కాలనీలో నాకు దక్కిన గౌరవమంతా నా లుంగీ సంపాదించిందే.

నేను చెప్పబోయేది తాడు గురించి కాదు, ముడి గురించి. తాడు నడిమికి తెగింది. రెండు వైపులా గోడ కొక్కేలకు వేసిన ముళ్ళు మాత్రం ఎలా వేసినవి అలాగే ఉన్నాయి. ఉప్పుగాలికి కొక్కేలు తుప్పు పట్టాయి, తాడు పీచుపీచైంది. ముడికి మాత్రం వయసు రాలేదు.

ఆ ముళ్ళు వేసిన పిల్ల ఇప్పుడు ఏ సముద్రం మీద ఉందో నాకు తెలియదు. వాళ్ళమ్మకీ తెలియదు. నేవీ ఓడ కదిలాక ఎటు పోతున్నదీ ఇంటికి చెప్పకూడదట. పేరు కూడా రాయనివ్వలేదు. "నా గురించి ఎప్పుడేనా రాత్తే పేరెట్టకండి బాబూ, ఓడలో ఏడిపిత్తారు" అని ముందే మాట తీసుకుంది. అందుకని పేరు లేకుండానే రాస్తున్నాను. పేరున్న రచయితని కాను కాబట్టి లెక్క సరిపోయింది.

వాళ్ళమ్మ మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి. ఉదయం బుట్ట దించి, మా ఆవిడతో బేరం ఆడి, బేరం అయ్యాక ఇద్దరూ కలిసి టీ తాగుతారు. ఆ ఇంట్లో అందరూ నన్ను రైటర్ బాబు అంటారు. పోర్టులో నా ఉద్యోగం పేరే రైటరు. ఓడల్లోంచి దిగే సరుకుల వివరాలు రాసేవాణ్ణి. రిటైరయ్యాక కథలు రాస్తున్నాను. వాళ్ళ పిలుపు నా బిరుదో, నా పాత డిజిగ్నేషనో ఇప్పటికీ తేలలేదు. గోదావరి ఒడ్డు నుంచి వచ్చి సర్వీసంతా ఓడల పక్కనే గడిపాను గానీ ఒక్కసారీ ఓడ ఎక్కలేదు. పంటు మీద ఏరు దాటితేనే కడుపులో తిప్పే మనిషిని. ఆ పిల్ల ఇది విని ఎంత నవ్విందో చెప్పలేను. "మీరూ మా అయ్య తెప్పా ఒకటే బాబూ, ఒడ్డునే ఉండిపోనారు" అంది. నవ్వుతూ అన్న ఆ మాటలోనే ఆ ఇంటి బాధంతా ఉంది.

వాళ్ళయ్యది మోటారు తెప్ప. జాలారిపేటలో ఆయన వయసు వాళ్ళలో అలల్ని చూసి తెప్ప దించడంలో ఆయన పేరే చెబుతారు. ఆ పేటలో ఒక కట్టుబాటు ఉంది. చేప ఒడ్డుకొచ్చాక బుట్ట, కత్తి, బేరం అన్నీ ఆడవాళ్ళవి. తెప్ప మాత్రం గంగమ్మకీ మగవాళ్ళకీ మధ్య వ్యవహారం. ఆడపిల్ల దాని మీద కాలు పెట్టకూడదు. ఈ పిల్ల చిన్నప్పుడు ఇసకలో ఆగి ఉన్న తెప్ప ఎక్కి కూర్చుందట. వాళ్ళయ్య కొట్టలేదు, తిట్టలేదు. దించి పక్కన నిలబెట్టి, తెప్పంతా పసుపునీళ్ళతో కడిగాడట. "కొట్టుంటే మర్సిపోయేదాన్ని బాబూ. కడిగినాడు. అందుకే గేపకం" అనేది.

అలాంటి ఇంట్లోంచి ఆ పిల్ల నేవీకి పరీక్ష రాసింది, పరుగు పందెం పరిగెత్తింది, సెలెక్టయింది. అగ్నివీర్ అన్నారు. వాళ్ళయ్య వల బాగుచేస్తూ తలెత్తకుండా ఒకటే మాట అన్నాడు: "నిప్పు పేరెట్టుకుని నీల్ల మీదకెళ్తారేటి?" పిల్ల ట్రైనింగుకి బయల్దేరిన రోజు ఆయన తీరానికి పోయి కూర్చున్నాడు. పిల్ల మా ఇంటికి వచ్చి, మా ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టి, "అమ్మగారూ, బాబుగారి కంటి సుక్కల మందు సీసా కాళీది ఉంటే ఇత్తారేటి?" అంది. నాకు శుక్లాల ఆపరేషనైన రోజులవి, ఇంటినిండా ఆ సీసాలే. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. కడిగిన సీసా ఒకటి చున్నీ కొసకు ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె ఓడ ఎక్కిన కొత్తలోనే, తీరం దగ్గర వాళ్ళయ్య తెప్ప బోర్లా పడింది. మనిషి బతికాడు, భుజం జారింది, వల పోయింది. ఎముకల డాక్టరు భుజాన్ని చోట్లో పెట్టాడు గానీ, మనసు చోట్లోకి రాలేదు. "అది ఎక్కినాది, నాను దిగిపోనాను" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి సముద్రంలోకి పాదం పెట్టలేదు, కూతురితో మాట్లాడలేదు. ఒడ్డున కూర్చుని ఎవరివో వలలు బాగుచేసి పెడుతుండేవాడు. వాళ్ళమ్మ మా గుమ్మంలో బుట్ట దించి, "గట్టునడ్డ సేపలాగున్నాడు బాబూ మనిసి" అని ఏడ్చేది.

నేను ఊరుకోవచ్చు కదా. రచయితని. ఒకనాడు ఇసకలో ఆయన పక్కన చేరి, చాలా తెలివైన మాట అనుకుంటూ, "గంగమ్మ తల్లి మాత్రం ఆడది కాదా?" అన్నాను.

ఆయన సూది ఆపి నా వైపు జాలిగా చూశాడు. "ఆడదే బాబూ. అందుకే. ఒక వంటింట్లో ఇద్దరాడోళ్ళు ఇముడుతారేటి? మీ ఇంట్లో సూసుకోండి."

మా అమ్మా, మా ఆవిడా కలిసున్న రోజులు గుర్తొచ్చి, ఇసక దులుపుకుని లేచి వచ్చేశాను.

పోయిన ఆషాఢంలో పిల్ల సెలవు మీద వచ్చింది. మనిషి మారింది. మా గుమ్మం ముందు విడిచిన చెప్పుల మడమలు రెండూ ఆనుకుని ఉన్నాయి. "ఓలమ్మా, సెప్పులు కూడా అటెన్సన్లో ఉన్నాయి" అంది వాళ్ళమ్మ. నేను ఆవకాయ కలుపుకునేలోగా అన్నం తినేసి, కంచం కడిగి బోర్లించింది. తలుపుకు వీపు పెట్టి కూర్చోదు. మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీలోంచి మబ్బును చూసి, "సాయంత్రం తగుల్తాది" అనేది. సాయంత్రం వాన తగిలేది. ఓడలో వంటగదిని గ్యాలీ అంటారని చెబితే, మా ఆవిడ తన వంటగది చుట్టూ చూసుకుని, "ఇంత ఉక్కపోసే గదికి గ్యాలీ ఏమిటే" అంది. గాలి లేని ఆ గ్యాలీలో ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

అన్నిటికంటే తాళ్ళు. ఎక్కడైనా వదులుగా వేలాడే తాడు కనిపిస్తే ఆ పిల్ల చేతులు ఊరుకోవు. కరివేపాకు కట్ట, మా ఆవిడ కళ్ళజోడు దారం, నా సంచీ చెవులు, అన్నిటికీ ఏదో ఒక ముడి పడింది. బాల్కనీలోకి వచ్చి బట్టల తాడు చూసి ఆగిపోయింది.

"ఇదెవులు కట్టినారు బాబూ?"

"నేనే" అన్నాను, కొంచెం గర్వంగానే.

"ముడనుకున్నారేటి దీన్ని? సిక్కు" అంటూ విప్పేసి, కొత్తగా వేసింది. ఒక చుట్టు, ఒక మెలిక, ఒక గుంజు. బరువు పడేకొద్దీ బిగుస్తుందట. వెయ్యడం అయ్యాక తాడు పట్టుకుని అలాగే నిలబడింది. "లీవయిపోతంది బాబూ. ఈసారి సానా రోజులు తిరిగే ఓడ. ఎళ్ళేలోగా అయ్య ఒక్క మాట మాటాడితే సాలు. తిట్టినా సరే."

"నువ్వే వెళ్ళి మాట్లాడరాదూ?"

"నాను మాటాడతానే ఉన్నాను. ఆయనే గోడతో సెప్తన్నాడు."

గోడ స్థానంలోకి నేనెలా వచ్చానో చెప్పాలి. ఆషాఢ పౌర్ణమికి చెప్పులు లేకుండా సింహాచలం కొండ చుట్టూ నడవడం మా ఊరి మొక్కు. కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే, దారి ఊరంతా తిప్పి, మధ్యలో సముద్రస్నానం చేయించి, మళ్ళీ కొండ కిందకే తెస్తుంది. నా మోకాలి నొప్పి తగ్గితే నేను గిరిప్రదక్షిణ చేస్తానని మా ఆవిడ అప్పన్నకు మొక్కుకుంది. మొక్కు ఆవిడది, మోకాలు నాది. పిల్ల వాళ్ళయ్య కూడా మొక్కుకున్నాడు: కూతురు నేవీ మానేసి ఇంటికి రావాలని. పిల్లా మొక్కుకుంది: అయ్య మాట్లాడాలని. ముగ్గురం ఒకే దేవుడి చుట్టూ తలో కోరికతో తిరగడానికి సిద్ధమయ్యాం. వాళ్ళమ్మ ముందురోజు వచ్చి, "ఇద్దర్నీ మీ సేతుల్లో ఎడతన్నాను బాబూ, కొట్టుకోకండా సూడండి" అంది.

"మాట్లాడుకోని వాళ్ళు కొట్టుకోవడమేమిటమ్మా?"

"అదే కద బాబూ, కొట్టుకున్నా బాగుణ్ను."

జనం పెరక్కముందే, తెల్లారుతూనే కాయ కొట్టి బయల్దేరాం. ముందు ఆయన, వెనక పిల్ల, మధ్యలో నేను. అడివివరం దాటామో లేదో ఆయన వెనక్కి తిరక్కుండా, "బాబూ, ఎండెక్కుతంది, దాన్ని నెత్తి మీద గుడ్డేసుకోమనండి" అన్నాడు.

పిల్ల నా వెనకే ఉంది. "ఓడ మీద ఇంతకన్నా ఎండని సెప్పండి బాబూ."

"ఓడ మీద ఇంతకన్నా ఎండట" అన్నాను.

"ఇనబడింది."

"వినబడితే మరి నేనెందుకయ్యా?"

"మీరు నేపోతే నాను దాంతో మాటాడినట్టయిపోతాది కదేటి" అన్నాడు, నాకేమీ తెలియదన్నట్టు.

అలా నేను వైరులేని టెలిఫోనునయ్యాను. ముడసర్లోవ దగ్గర ఎవరో మజ్జిగ ఇస్తుంటే, ఆయన రెండు గ్లాసులు తీసుకుని రెండూ నాకిచ్చాడు. ఒకటి ఎవరిదో చెప్పలేదు. వెనక్కి అందించాను. హనుమంతవాక దిగేసరికి నా పాదాలు నన్ను గుర్తుపట్టడం మానేశాయి. పిల్ల నన్ను రోడ్డు పక్క కూర్చోబెట్టి, తన చేతిరుమాలు చింపి నా మడమకు కట్టు కట్టింది. ఆయన ఆగి, దూరం నుంచి ఆ కట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. చేప చూసినట్టు కాదు, అల చూసినట్టు చూశాడు.

పొద్దు బాగా ఎక్కాక లాసన్స్ బే ఒడ్డుకు చేరాం. వేల మంది స్నానాలు చేస్తున్నారు. ఆషాఢంలో సముద్రం మంచి మాట మీద ఉండదు. గజ ఈతగాళ్ళు నీళ్ళలో నిలబడి, అందర్నీ ఒడ్డు దగ్గరే ఆపుతున్నారు. నేను మోకాలి లోతులో కూర్చుని, పక్కవాళ్ళు పోసిన నీళ్ళతో పని కానిచ్చాను. తిరిగి చూస్తే ఆయన తడి ఇసక మొదలయ్యే చోట ఆగిపోయి ఉన్నాడు. అల వచ్చినప్పుడల్లా ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు. సముద్రంలోనే పుట్టి పెరిగాడా అన్నట్టు బతికిన మనిషి, బూట్లు తడుస్తాయనుకునే ఆఫీసరులా వెనక్కి జరుగుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. స్నానం లేకపోతే మొక్కు చెల్లదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

పిల్ల మాత్రం నీళ్ళలోకి దిగి, చున్నీ కొస విప్పి, ఏదో తీసింది. నా కంటి చుక్కల సీసా. అందులో మిగిలిన నీళ్ళు అలలో కలిపి, మళ్ళీ ముంచి, నిండిందో లేదో ఎండకెత్తి చూసింది.

"బాబూ" అన్నాడు ఆయన, "అదేటి సేత్తందో అడగండి."

అడిగాను. పిల్ల నా వైపే చూస్తూ చెప్పింది. "మా అయ్య తెప్ప దించే ముందు దోసిటితో నీల్లు తీసి కల్లకద్దుకుంతాడు కదండీ. ఓడ మీంచి నీల్లు అందవు బాబూ, సానా ఎత్తు. అందుకని మన ఒడ్డు నీల్లే సీసాలో అట్టుకెళ్తాను. ఓడ కదిలినప్పుడు ఒక సుక్క కల్లకద్దుకుని, ఒక సుక్క కిందకి ఇదిలిత్తాను. అయ్య అన్నట్టే అంతాను."

"ఏటంతాదో అడగండి."

నేను నోరు తెరిచేలోగానే పిల్ల అంది: "తల్లీ, నీ మీదకెక్కుతన్నాం, తొక్కుతన్నామనుకోకు. మమ్మల్ని తిరిగి ఇంటికప్పజెప్పు."

ఆ మాటలు ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నవట. తర్వాత ఎప్పుడో నాకు చెప్పాడు. కొడుకులు లేరు కాబట్టి ఆ మాటలు తనతోనే ఆగిపోతాయనుకున్నాడట.

"ఏ సేత్తో?" అన్నాడు.

పిల్ల నా వైపు చూసింది. నేను అలవాటు ప్రకారం, "ఏ చేత్తో అని..." అని మొదలుపెట్టాను.

"మిమ్మల్ని కాదు బాబూ, మీరుండండి" అన్నాడు ఆయన. "ఏ సేత్తో ఇదిలిత్తావే?"

పిల్ల సీసా కుడిచేతిలోకి మార్చుకుని ఎత్తి చూపింది. "కుడిసేత్తోనే అయ్యా."

"మరి సీసా?"

"ఎడం సేత్తో కంబీ అట్టుకోవాల కదయ్యా, ఓడ ఊగుతాది. సీసా కూడా కుడిసేత్తోనే."

"మరి మూత దేంతో తీత్తావు?"

పిల్ల ఆలోచించకుండా నిజం చెప్పేసింది. "పంటితో."

అంతే. ఆ ఒడ్డున అంతమంది భక్తులూ తిరిగి చూసేలా ఆయన అరిచాడు. "ఎంగిలా! తల్లికి ఎంగిలి పోత్తావేటే గుంటా! నీకు బుద్ధుందా? పంటితో తీసిన మూత నీల్లు గంగమ్మకా! నాను ఏనాడేనా ఎంగిలి సేత్తో దోసిలి పట్టినానా? ఎవులు నేర్పినారే నీకు ఇలగ?"

"నువ్వు నేర్పనేదు కదయ్యా" అంది పిల్ల. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. "సూసి నేర్సుకున్నాను."

"సూసి నేర్సుకున్న బుద్ధి ఇలాగే ఉంతాది! ఇటు సూడు" అంటూ ఆయన నీళ్ళలోకి నడిచాడు. ఒక అల పాదాల మీదకు వచ్చింది, ఒకటి మోకాళ్ళకు తగిలింది, ఒకటి నడుం దాకా వచ్చి పడింది. ఆయన పట్టించుకోలేదు. "దోసిలి ఇలగ. వేల్ల సందుల్లోంచి కారాల, ఒంపకూడదు. తూరుప్పక్కకి. తెలిసిందా?" సగమే లేచే భుజాన్ని బలవంతాన ఎత్తి, రెండు చేతులూ చేర్చి చూపించాడు. నీళ్ళు కళ్ళకద్దుకున్నాడు. అద్దుకున్నాక, తను ఎక్కడ నిలబడ్డాడో అప్పుడు తెలిసింది ఆయనకి. కిందకు చూశాడు. వెనక్కి రాలేదు. పెద్ద అల ఒకటి లేస్తుంటే పిల్ల పక్కకు జరిగి ఆ దెబ్బతిన్న భుజం వైపు నిలబడింది. అల ఇద్దరి మీంచి వెళ్ళిపోయింది.

అక్కణ్ణుంచి కొండ కిందికి చేరేదాకా ఆయన పిల్లని తిడుతూనే ఉన్నాడు. మూతకి దారం కట్టి కొక్కేనికి తగిలించుకోవాలన్నాడు, ఓడల్లో అంత పెద్ద ఇంజన్లున్నాయి, గంగమ్మకి ఒక చెంబు పెట్టుకోలేరా అన్నాడు, పిల్ల ఎదురు చెప్పింది, ఇద్దరూ అరుచుకున్నారు. టెలిఫోనుకు ఉద్యోగం పోయింది. నేను వెనకపడి, కుంటుకుంటూ, చాలా సంతోషంగా నడిచాను. మాధవధార దగ్గర ఆయన నా కోసం ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"బాబూ, సదువుకున్నోరు మీరు. నడక మజ్జిలో మొక్కు మార్సుకోవచ్చేటి?"

"పోర్టులో అయితే ఆర్డరు మార్చాలంటే పై ఆఫీసరు ఒప్పుకోవాలయ్యా" అన్నాను.

ఆయన కొండ వైపు చూసి, "పైనే ఉన్నాడు కదా, అడుగుతాను" అన్నాడు. ఏం అడిగాడో చెప్పలేదు. దర్శనం క్యూలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. పిల్ల నిటారుగా, ఆయన కొంచెం వంగి. మధ్యలో నాకు చోటు లేదు.

రెండ్రోజుల తర్వాత తెల్లారగట్ల ఆయన తెప్ప దించాడు. నేను ఒడ్డున ఉన్నాను. ఆయన దోసిలి పట్టాడు. పిల్ల మగవాళ్ళతో పాటు భుజం ఆనించి తెప్పను నీళ్ళలోకి నెట్టింది. నెట్టింది గానీ ఎక్కలేదు. ఎక్కుతానని అడగలేదు, ఎక్కమని ఆయనా అనలేదు. నేను మళ్ళీ ఊరుకోలేక, "నేవీ ఓడ ఎక్కనిచ్చావు కదా, ఇది మాత్రం ఎక్కితే ఏమయ్యా?" అన్నాను తర్వాత. "ఆ ఓడ దానిది బాబూ. ఈ తెప్ప నాది. ఎవులి దాని మీద ఆలుండాల" అన్నాడు. పిల్లకు ఆ ఏర్పాటు నచ్చినట్టే ఉంది. ఆ సాయంత్రమే బండెక్కి వెళ్ళింది. స్టేషనుకు ఆయనే తీసుకెళ్ళాడు. పంటితో పనిలేకుండా సీసా మూతకు వలదారంతో ఒక ఉచ్చు అల్లి ఇచ్చాడు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, నిన్న ఆయన ఒక పూట చేపలు ఇవ్వడానికి తనే మా ఇంటికి వచ్చాడు. భార్యకు జ్వరం. తాడు సంగతి చెప్పి, కొత్త తాడు చేతిలో పెట్టి, "కాస్త కట్టి పెట్టవయ్యా, నాకు చేతకాదు" అన్నాను.

ఆయన బాల్కనీలోకి వెళ్ళి, కొక్కెం దగ్గర ముడిని గోటితో తడిమి చూశాడు. ఒక మెలిక అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆయన చేతిలో విడిపోని ముడి ఆ పేటలో లేదు.

"ఇప్పొచ్చు" అన్నాడు. "ఇప్పను."

"మరి కొత్త తాడు?"

"ఇది ఓడోళ్ళ ముడి బాబూ. దాని ముడి మీద నాను సెయ్యెయ్యకూడదు. లీవుకొత్తాది, అదే కడతాది."

"ఎప్పుడొస్తుందో?"

"గంగమ్మ అప్పజెప్పినప్పుడు."

"అంతవరకూ బట్టలెక్కడ ఆరేసుకోవాలయ్యా?"

"కుర్సీలున్నాయి కదేటి" అని బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయాడు.

ప్రస్తుతం మా ఇంట్లో కుర్చీలన్నీ తడిగా ఉన్నాయి. ఎవరైనా వస్తే నిలబెట్టే మాట్లాడుతున్నాం.